ఎవరూ నింపని గడి

2009 మార్చి నాటికి ఇకుమా తెత్సుజి తన ఫ్యాక్టరీలో రాసిన సలహా చీటీల సంఖ్య రెండు వేల తొంభై ఏడు. మోటారు సైకిళ్లు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ప్రతి పనివాడూ నెలకు రెండు చీటీలు రాయాలన్నది నియమం. పని ఎక్కడ తేలికవుతుంది, ఎక్కడ ఒక అడుగు మిగులుతుంది, ఏ మరను ఏ పక్కకు తిప్పితే నడుము నొప్పి తగ్గుతుంది, ఇటువంటివి. తక్కినవాళ్లు నెలాఖరున తల గోక్కుంటూ రెండూ రాసి బయటపడేవారు. ఇకుమాకు సగటున నెలకు నాలుగున్నర పైచిలుకు పడేవి. ఎవరూ లెక్క అడగకపోయినా ఒక నీలం అట్ట పుస్తకంలో వరుస సంఖ్యలు వేసుకునేవాడు.

చీటీలో నాలుగు గడులుంటాయి. ఇప్పటి పద్ధతి, సూచించే పద్ధతి, ఫలితం, పరిమితులు. నాలుగో గడిని ఎవరూ నింపరు. ఇకుమా ఒక్కడే నింపేవాడు, పెన్సిల్‌ను సన్నగా చెక్కి, చిన్న అక్షరాలతో. తెన్‌ర్యూ నది ఎగువన, దేవదారు కొండల మధ్య ఉన్న హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పిన మాస్టారు ఒకసారి, హద్దు చెప్పని కొలతకూ పుకారుకూ తేడా లేదన్నాడు. పదహారేళ్ల వయసులో విన్న ఆ మాట ఇకుమాకు యాభై ఆరేళ్లు వచ్చినా వదల్లేదు.

ఆ కొండల్లోంచి పద్దెనిమిదో ఏట హమమత్సు నగరానికి దిగివచ్చి ఆయన చేరింది చక్రాల విభాగంలో. హబ్బుకూ రిమ్ముకూ మధ్య ముప్పై ఆరు స్పోకులు అల్లడం, వాటి కొనలకుండే చిన్న నట్లను, అంటే నిపిళ్లను, బిగించడం, చక్రం వంకర లేకుండా బెండు తీయడం అక్కడి పని. అప్పటి మేస్త్రి ఒసకబె. ఆయన కొత్తవాళ్ల కళ్లకు తువ్వాలు కట్టి చక్రం ముందు నిలబెట్టేవాడు. సన్నటి ఉక్కు కడ్డీతో స్పోకులను ఒక్కొక్కటిగా తట్టుకుంటూ పోయి, శ్రుతి తప్పిన దాన్ని చెవితోనే పట్టుకోవాలి. మొదటి ఏడాది ఇకుమా ఇరవై చక్రాలలో పదకొండింటిని తప్పు చెప్పాడు. మూడో ఏడాదికి ఒక్కటీ తప్పలేదు. ఒసకబె మెచ్చుకోలేదు. తువ్వాలు మాత్రం విప్పి, "ఇక దీన్ని ఉతికి తీసుకురా" అన్నాడు.

తరువాత ముప్పై అయిదేళ్లూ ఇకుమా ఐదో స్థానంలోనే ఉన్నాడు. నాలుగో స్థానంలో బెండు తీసిన చక్రం ఆయన దగ్గరకు దొర్లి వస్తుంది. దాన్ని స్టాండుకు ఎక్కించి, తిప్పి, తట్టి, వినాలి. బాగుంటే నిపిల్ మీద పసుపు చుక్క పెట్టాలి. అంతే పని. ఆ చుక్క లేని చక్రం ఏ బండికీ ఎక్కలేదు.

2008 శరత్తులో సముద్రాలకు అవతల బ్యాంకులు కూలాక, అక్కడివాళ్లు మోటారు సైకిళ్లు కొనడం మానేశారు. ఓడరేవులో బళ్లు వరుసలుగా ఆగిపోయాయి. అరవై నాలుగు సెకన్లకొక చక్రం దిగే లైను మార్చి వచ్చేసరికి నూట యాభై ఎనిమిది సెకన్లకు మందగించింది. కాంట్రాక్టు మనుషులు డిసెంబరులోనే వెళ్లిపోయారు. మూడో స్థానంలో తొమ్మిదేళ్లు నిపిళ్లు బిగించిన బ్రెజిల్ మనిషి మార్సెలో వెళ్లేరోజున తన చేతి తొడుగులు ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి అప్పగించాడు. ఇకుమా ఆయనకు ఒక పెట్టె నారింజలు ఇచ్చాడు. ఇద్దరూ పెట్టె బరువు గురించి మాట్లాడుకున్నారు.

జనవరి నుంచి శుక్రవారాలు సెలవు. తక్కిన రోజుల్లో కూడా లైను మధ్యాహ్నం రెండింటికే ఆగేది. మిగిలిన వేళలో పనివాళ్లు నేల మీది పసుపు గీతలకు మళ్లీ రంగు వేశారు. ఎముకలు కొరికే ఎన్షూ ప్రాంతపు పొడి గాలిలో కంచె పొడవునా గడ్డి పీకారు. కొడవళ్లు పంచే వరుస బాగాలేదని ఇకుమా ఒక చీటీ రాశాడు. దాన్నీ అంగీకరించారు.

"గురువుగారూ, కాస్త నిదానించండి" అన్నాడు నాలుగో స్థానంలో పనిచేసే కుమగాయి. ముప్పై నాలుగేళ్లవాడు, ఆ ఏడాదే తండ్రయ్యాడు. "ఇవాళే అంతా పీకేస్తే రేపు మనం గడ్డి నాటాల్సొస్తుంది."

చేతులకు పని తగ్గితే ఇకుమా కళ్లకు పని పెరిగేది. మార్చి రెండో సోమవారం ఆయన గమనించింది ఇది. కుమగాయి బెండు తీసిన చక్రాన్ని స్టాండు నుంచి దించుతాడు. అది రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లు దొర్లుతుంది. ఇకుమా దాన్ని మరో స్టాండుకు ఎక్కిస్తాడు. ఇదంతా కలిపి పద్నాలుగు సెకన్లు. ఉక్కు కడ్డీని నాలుగో స్టాండుకే వేలాడదీసి, చక్రం అక్కడ ఉండగానే తట్టి వింటే ఈ పద్నాలుగు సెకన్లూ మిగులుతాయి. రెండు పనులూ కలిసి ఎనభై తొమ్మిది సెకన్లలో అవుతాయి. మనిషి ఊపిరి పీల్చుకునే వెసులుబాటు కలిపితే నూట రెండు. లైను పరిగెత్తే రోజుల్లో ఇది కుదిరేది కాదు. నూట యాభై ఎనిమిది సెకన్ల కాలంలో హాయిగా కుదురుతుంది. మూడు రోజులు కొలిచి, బుధవారం మధ్యాహ్నం రెండు వేల తొంభై ఎనిమిదో చీటీ రాసి, సంతకానికి బదులు తన పేరు ముద్ర వేసి, సలహాల పెట్టెలో వేశాడు. ఎప్పటిలాగే నాలుగో గడి కూడా నింపాడు.

ఆ సాయంత్రం ఇంట్లో భోజనానికి గ్యోజాలు, కూర పెట్టి మడిచిన కజ్జికాయల్లాంటివి. ఇకుమా భార్య సుమియే పొద్దుటిపూట ఒక గ్యోజా కొట్టులో పిండి ముడతలు వేసే పని చేస్తుంది. ఇంట్లోనూ అవే చేసి, పళ్లెంలో గుండ్రంగా పేర్చి, మధ్యలో ఉడికిన మొలకలు పెడుతుంది.

"ఇవాళ ఏదో కనిపెట్టినట్టుంది మీ ముఖం" అంది.

"నాలుగూ ఐదూ స్థానాలు కలిపేశాను. పద్నాలుగు సెకన్లు మిగిలాయి."

"మంచిదే. మిగిలినవి ఏం చేసుకుంటారట?"

"సెకన్లు కాదు, మనిషి మిగులుతాడు. ఆ రెండు పనులకూ ఒక్క మనిషి చాలు."

"మరి రెండో మనిషి?"

"అక్కర్లేదు. ఐదో స్థానం తీసేయొచ్చు."

సుమియే తినే పుల్లలను పళ్లెం అంచున పెట్టి, కూతురి పేరుతో పిలిచింది. "యుకా నాన్నా, ఐదో స్థానంలో ఉండేదెవరు?"

ఇకుమా నోట్లోది మింగాడు. నమలడానికేమీ మిగలకపోయినా ఇంకొంతసేపు నమిలాడు.

"నేనే" అన్నాడు.

 సుమియే నవ్వు ఆపుకోలేక పైట చెంగులా మెడలో వేలాడుతున్న తువ్వాలుతో కళ్లు తుడుచుకుంది. "కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాళ్ల గురించి విన్నాను. గడియారం పెట్టి కొలిచి మరీ నరుక్కున్నవాణ్ని ఇప్పుడే చూస్తున్నా. రేపు పొద్దున్నే వెళ్లి ఆ కాగితం తీసేసుకోండి."

"పెట్టెలో వేసేశాను."

"వేసినవాళ్లు తీసుకోలేరా?"

"అందులోంచి తీయడానికి రాదు."

"అదేం పెట్టె? ఏ మహానుభావుడు చేశాడట?"

ఇకుమా మొలకల వైపు చూశాడు.

"అదీ మీరేనా" అంది సుమియే.

అదీ ఆయనే. 1988లో రాసిన తొమ్మిది వందల ముప్పయ్యో చీటీ. అంతకుముందు పెట్టె మూతి దగ్గర కాగితాలు ఇరుక్కునేవి. ఒకరు రాసింది మరొకరు లాగి చదివేవారు. లోపల నలభై డిగ్రీల వాలుతో ఒక రేకు బిగిస్తే, పడిన కాగితం అడుగుకు జారిపోతుంది, వేలు గానీ తీగ గానీ వెనక్కి దూరదు. ఆ ఏడాది దానికి మూడో బహుమతి వచ్చింది, ఒక గొడుగు.

మర్నాడు గురువారం. నాలుగు గంటలకు పెట్టె తెరుస్తారు. మధ్యాహ్న భోజన విరామంలో, అందరూ క్యాంటీనుకు వెళ్లాక, ఇకుమా ఒక పాత స్పోకు కొనను కొక్కెంలా వంచి పెట్టె మూతిలో దూర్చాడు. కొక్కెం రేకుకు తగిలి ఆగింది. వంపు పెంచాడు. మళ్లీ ఆగింది. ఇరవై ఒక్క ఏళ్ల కిందట తాను బిగించిన రేకు ఒక మిల్లీమీటరు కూడా కదలలేదు. ఆ స్థితిలోనూ ఆయనకు కాస్త తృప్తి కలిగింది.

"ఇకుమా గారూ, పెట్టెకు కూడా బెండు తీస్తున్నారా?"

వెనుక నిలబడింది ఓబా, చక్రాల విభాగానికి ఇప్పటి మేస్త్రి. ఇకుమా కన్నా పదిహేడేళ్లు చిన్నవాడు. ఒకప్పుడు తువ్వాలు కట్టించుకుని ఇకుమా ముందు నిలబడి పని నేర్చుకున్నవాడు.

"ఒక చీటీలో సంఖ్య సరిచూసుకోవాలి" అన్నాడు ఇకుమా.

"నాలుగింటికి నేనే తెరుస్తాను కదా. అప్పుడు చూద్దురుగాని."

నాలుగింటికి ఓబా చీటీ చదివాడు. రెండోసారి చదివాడు. లేచి వెళ్లి గది తలుపు వేసి వచ్చాడు.

"ఇది నేను చూడలేదు" అన్నాడు నెమ్మదిగా. "కాగితాలు ముక్కలు చేసే మర పక్క గదిలోనే ఉంది. మీరు తీసుకెళ్లండి."

ఇకుమా చీటీ అందుకున్నాడు. పొద్దుటి నుంచీ ఆయన తన కొలతల్లో తప్పు వెతుకుతూనే ఉన్నాడు. జీవితంలో మొదటిసారి, తప్పు దొరికితే బాగుండుననుకున్నాడు. దొర్లే దూరం మళ్లీ టేపుతో కొలిచాడు. పన్నెండు చక్రాలకు మళ్లీ సమయం చూశాడు. పద్నాలుగు సెకన్లు పద్నాలుగు సెకన్లుగానే ఉన్నాయి.

"ఈ చీటీ లేకపోతే ఏమవుతుంది?" అని అడిగాడు.

"ఏం కాదు. అంటే..." ఓబా మెడ రుద్దుకున్నాడు. "నెలాఖరులోగా మన విభాగం నుంచి ఒక పేరు పంపమన్నారు. తీసేయడం కాదు, బయట సంస్థలకు పంపుతారు. మళ్లీ పిలిచే సంగతి మాత్రం ఎవరూ చెప్పట్లేదు."

"ఎవరి పేరు అనుకున్నారు?"

ఓబా కిటికీలోంచి లైను వైపు చూశాడు. లైను ఆగిపోయి ఉంది. కుమగాయి ఒక్కడే తన స్టాండుకు నూనె రాస్తున్నాడు. అందరికన్నా తరువాత పర్మనెంటు అయింది అతనే. మే నెలలో జరిగే గాలిపటాల పండుగలో అతని పేటవాళ్లు పసివాడి పేరు రాసిన తొలి పటం ఎగరేయబోతున్నారు. అందరినీ రమ్మని పిలిచి రెండు వారాలైంది.

ఇకుమా చీటీని ఓబా ముందు బల్ల మీద పెట్టి, మడత పోయేలా అరచేత్తో రెండుసార్లు రుద్దాడు.

"కొలతలు సరిగ్గానే ఉన్నాయి" అన్నాడు. "అంగీకారం ముద్ర వేయండి."

పండుగనాడు సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల మీద గాలి సెకనుకు తొమ్మిది మీటర్ల వేగంతో వీచింది. నాలుగు మీటర్ల పటం మీద పసివాడి పేరు ఇంతింత అక్షరాలతో పైకి లేచింది. కుమగాయి గొంతు బొంగురు పోయేలా కేకలు వేశాడు. తాడు పట్టుకున్నవాళ్లలో ఇకుమా కూడా ఉన్నాడు. పటం ఎడమకు లాగుతోందని, కుడి దారం రెండు సెంటీమీటర్లు బిగించాలని ఆయన చెప్పాడు. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు.

అప్పటికి ఆయన కొత్త చోట చేరి నెలయింది. హమనా సరస్సు పక్కన ఉన్న సజనామి అనే వృద్ధుల ఆశ్రమం అది. ఆరు నెలలు అక్కడ పనిచేయాలి, జీతం ఫ్యాక్టరీదే. ఆశ్రమం చూసుకునే తెరాదా కనయే నలభై అయిదేళ్ల మనిషి. ఎంత తొందరలో ఉన్నా పరుగెత్తదు, ఎవరినీ పరుగెత్తనివ్వదు. మొదటి రోజు ఇకుమాకు లేత గులాబీ రంగు ఏప్రాన్ ఇచ్చి, "వేరే రంగు లేదండీ, ఏమనుకోకండి" అంది. ఏమీ అనుకోలేదు గానీ, దాని ముడి వెనక వేయడం వల్ల మూడు సెకన్లు వృథా అవుతున్నాయని రెండో రోజుకల్లా ముందుకు మార్చుకున్నాడు.

మూడో రోజు తెరాదా ఆయన చేతిలో స్టాప్‌వాచ్ చూసింది.

"ఏం కొలుస్తున్నారు?"

"జావ తాగించడం. ఒక్కొక్కరికి పదకొండు నిమిషాల నుంచి ముప్పై రెండు నిమిషాల దాకా పడుతోంది. చెంచా ఇంకొంచెం లోతుగా ఉంటే..."

"ఆ ముప్పై రెండు నిమిషాల ఆవిడ రోజంతా ఎదురు చూసేది ఆ ముప్పై రెండు నిమిషాల కోసమే." తెరాదా అరచేయి చాచింది. "ఇటివ్వండి. వెళ్లేరోజున ఇస్తాను."

ఇకుమా ఇచ్చాడు. స్టాప్‌వాచ్ లేని జేబు తేలికగా, ఊడిన పంటి చోటులా అనిపించింది. ఆ మధ్యాహ్నం తానే ఆవిడకు జావ తాగించాడు. ఆవిడ చిన్నప్పుడు పట్టుపురుగులు మేపిన సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. పురుగులు ఆకులు నమిలే చప్పుడు వాన చప్పుడులా ఉండేదట. ఎంతసేపు పట్టిందో ఇకుమాకు తెలియదు. గోడ గడియారం చూడాలని తోచినప్పటికి గిన్నె కడిగేశారు.

నాలుగో రోజు వరండాలో ఒక చప్పుడు వినపడింది. టిక్, టిక్, ఒక విరామం, మళ్లీ టిక్. స్పోకు వదులైన చక్రం. ఇకుమా చేతిలోని బకెట్టు కింద పెట్టి చప్పుడు వెంట నడిచాడు. చక్రాల కుర్చీలో ఒక ముసలాయన నిటారుగా కూర్చుని, తన కుర్చీని కాక, పక్కన పోతున్న మరో కుర్చీని కోపంగా చూస్తున్నాడు.

"ఆ చప్పుడు నాది కాదు" అన్నాడు ముసలాయన. "వాడిది. నా చక్రం నేనే గోళ్లు తీసే కత్తెరతో బిగించుకున్నా." ఆపైన తలెత్తి చూశాడు. "ఒరే, ఇకుమావా?"

"అవును మేస్త్రీ."

"గులాబీ రంగేంట్రా?"

ఒసకబెకు ఎనభై రెండేళ్లు. కాళ్లు పనిచేయవు. చెవులు మాత్రం చెక్కుచెదరలేదు. ఆశ్రమంలో నలభై మూడు కుర్చీలుంటే, ఏది ఎటు లాగుతుందో, ఏది ఎన్నో స్పోకు దగ్గర మూలుగుతుందో ఆయనకు కంఠస్థం. వినేవాళ్లే లేక రెండేళ్లుగా ఊరుకున్నాడు. వదులు చక్రం వాడు యోకోయి అనే మరో ముసలాయన, నదికి అవతల ఉన్న పోటీ కంపెనీలో ఇంజన్లు బిగించి రిటైరైనవాడు.

"వాళ్ల కంపెనీ చక్రాలన్నీ ఇంతే" అన్నాడు ఒసకబె.

"కుర్చీ మీ కంపెనీదీ కాదు, మా కంపెనీదీ కాదు కదయ్యా" అన్నాడు యోకోయి. "నీకు వినపడుతోంది నీ మోకాళ్ల చప్పుడేమో చూసుకో."

ఆ వారం నుంచి మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా ఇకుమా కుర్చీల బెండు తీశాడు. తెరాదా ఒప్పుకుంది, కొలవకూడదన్న షరతు మీద. ఒసకబె పక్కన కూర్చుని కళ్లు మూసుకునేవాడు. ఇకుమా తట్టేవాడు. "ఏడోది" అనేవాడు ఒసకబె. ఏడోదే అయ్యేది. ఆగస్టు కల్లా నలభై మూడు కుర్చీలూ గీత గీసినట్టు నడిచాయి. దీని ఫలితం తెరాదా ఊహించనిది. రోజూ టీ వేళకు ముందు ఒసకబె, యోకోయి వరండాలో పందెం పెట్టుకోవడం మొదలైంది. ముప్పై రెండు నిమిషాల ఆవిడ చేతిరుమాలు ఊపి ప్రారంభం చెప్పేది.

"ఇకుమా గారూ, మీరు వచ్చాక ఇక్కడ వేగం పెరగకూడదన్నాను" అంది తెరాదా.

"పెరిగింది నా వేగం కాదండీ" అన్నాడు ఇకుమా.

ఆరు నెలలు పూర్తయ్యాక మరో ఆరు నెలలు పొడిగించారు. నవంబరులో ఫ్యాక్టరీ నుంచి ఒక కాగితం వచ్చింది. బయట పనిచేస్తున్న యాభై ఏళ్లు దాటినవాళ్లు కోరుకుంటే స్వచ్ఛందంగా ఉద్యోగం విరమించుకోవచ్చునని, మార్చి నెలాఖరులోగా ముద్ర వేసి పంపాలని అందులో ఉంది. ఇకుమా దాన్ని మడిచి నీలం పుస్తకంలో పెట్టాడు. సుమియే దాన్ని రోజూ చూసేది, ఏమీ అనేది కాదు. అంటే ఏమంటాడో తెలుసు. కొలత సరిగ్గానే ఉందంటాడు.

నిజానికి ఆయన మనసు అంత కుదురుగా లేదు. ఆశ్రమం ఆయనకు నచ్చింది. కానీ నిద్రలేచే ముందు ఇప్పటికీ కుడిచేతి వేళ్లు కడ్డీ పట్టుకున్నట్టే ముడుచుకునేవి. రిటైరయ్యేదాకా ఇంకా రెండున్నరేళ్లు ఆ చక్రాల ముందు నిలబడాలనీ, చివరి చక్రానికి తన చేత్తో పసుపు చుక్క పెట్టి రావాలనీ ఉంది. ఐదో స్థానమే లేకపోతే తిరిగి వెళ్లి ఎక్కడ నిలబడాలి? ఆ స్థానాన్ని తీసేసింది ఎవరో కాదు.

మార్చిలో ఒకనాడు ఒసకబెకు కాగితం చూపించాడు.

"ఆ చీటీలో ఏం రాశావో పూర్తిగా చెప్పు" అన్నాడు ఒసకబె.

ఇకుమా చెప్పాడు. ఇప్పటి పద్ధతి, సూచించే పద్ధతి, ఫలితం.

"నాలుగోది?"

"అది ఎవరూ చదవరు మేస్త్రీ."

"నేను చదివేవాణ్ని. నువ్వు చేరినప్పటి నుంచి నేను దిగిపోయేదాకా ప్రతిదీ చదివాను. నాలుగోది చెప్పు."

ఇకుమా కాస్త సిగ్గుపడ్డాడు. "చక్రానికీ చక్రానికీ మధ్య వ్యవధి నూట రెండు సెకన్ల కన్నా తగ్గితే ఈ పద్ధతి చెల్లదు. అప్పుడు ఐదో స్థానాన్ని తిరిగి ఏర్పరచాలి."

ఒసకబె పళ్లు లేని నోరు తెరిచి చప్పుడు లేకుండా నవ్వాడు. "మరైతే ముద్ర ఎందుకు వేస్తావురా? ఊరుకో. వాళ్లకు గడువు నెలాఖరు దాకానేగా. నీ చీటీకి గడువు లేదు."

ఇకుమా ముద్ర వేయలేదు. గురువు చెప్పాడని వేయలేదే గాని, ఆశ పెట్టుకుని కాదు. ముప్పై ఎనిమిదేళ్లలో ఆ గడి గురించి ఆఫీసు నుంచి ఎవరూ ఒక్క ప్రశ్నా అడగలేదు.

ఏప్రిల్ రెండో వారంలో, టీ వేళకు, ఓబా ఆశ్రమానికి వచ్చాడు. ఫ్యాక్టరీ దుస్తుల్లోనే ఉన్నాడు. వరండాలో పందెం జరుగుతుండటంతో గోడకు ఆనుకుని నిలబడి రెండు కుర్చీలూ దాటేదాకా ఆగాల్సి వచ్చింది.

"నిన్న లైను ఆగింది" అన్నాడు.

ఇకుమా ముఖం మారింది. "చక్రం విరిగిందా?"

"చక్రాలకేం కాలేదు. కుమగాయి తాడు లాగాడు."

లైనులో ప్రతి స్థానం పైనా ఒక తాడు ఉంటుంది. తప్పు కనిపిస్తే ఎవరైనా సరే దాన్ని లాగి లైనంతా ఆపవచ్చు, ఆపాలి కూడా. లాగినచోట పసుపు దీపం వెలుగుతుంది. ఆ దీపం కిందికి మేస్త్రి పరుగెత్తాలి.

"ఆసియా దేశాల నుంచి ఆర్డర్లు పెరిగాయి" అన్నాడు ఓబా. "నిన్న పొద్దున వ్యవధి తగ్గించాం. పది నిమిషాలు కాలేదు, దీపం వెలిగింది. నేను పరుగెత్తాను, నా వెనక విభాగాధిపతి. ఏమైందంటే, వాడు స్టాండు మీద అంటించిన పని పద్ధతి కాగితం చూపించాడు. ఈ కాగితం ఇవాళ చెల్లదండీ, అన్నాడు."

"ఆ కాగితం ఎవరు రాశారు?"

"వాడే. పోయినేడు మీ చీటీ చూసి. మూడు గడులు ఎక్కిస్తే చాలన్నాను. వాడు నాలుగోది కూడా ఎక్కించాడు, మీ అంత చిన్న అక్షరాలతో. విభాగాధిపతి కళ్లజోడు పైకెత్తి రెండుసార్లు చదివారు. కుమగాయిని, ఒక్కడివే లాక్కురాలేవా అని అడిగారు. వాడు, రాగలనో లేదో నాకు తెలీదండీ, రాకూడదని కాగితంలో ఉంది, అన్నాడు." ఓబా తువ్వాలుతో నుదురు తుడుచుకున్నాడు. "పద్ధతి కాగితానికి విరుద్ధంగా లైను నడపడానికి ఆయనకు కూడా అధికారం లేదు. పదిహేడు నిమిషాలు ఆగింది. మధ్యాహ్నానికి ఐదో స్థానం ఆర్డరు వచ్చింది. సోమవారం నుంచి రాగలరా?"

ఇకుమా చేతులు ఏప్రాన్‌కు తుడుచుకున్నాడు.

"వ్యవధి ఎంతకు తగ్గించారు?"

"తొంభై ఎనిమిది సెకన్లు."

"ఎన్ని చక్రాల మీద సగటు తీశారు?"

"ఇకుమా గారూ."

"వస్తాను" అన్నాడు ఇకుమా.

వరండా చివర నుంచి ఒసకబె గొంతు వినపడింది. "తువ్వాలు ఉతికి తీసుకెళ్లరా."

వెళ్లేరోజున తెరాదా స్టాప్‌వాచ్ తిరిగిచ్చింది. ఏడాదిగా సొరుగులో ఉండి బ్యాటరీ అయిపోయింది. ఇకుమా ఆమెకు ఒక చెక్కపెట్టె ఇచ్చాడు. ఆశ్రమంలో ఉండేవాళ్లు, పనిచేసేవాళ్లు చీటీలు రాసి వేయడానికి. రెండు ఆదివారాలు కూర్చుని చేశాడు. మూలలు ఒకదానిలో ఒకటి బిగిసి, ఒక్క మేకూ లేకుండా ఉంది. తెరాదా మూతిలో చేయి పెట్టి చూసింది. చేయి మణికట్టు దాకా తేలిగ్గా దూరింది.

"ఇదేమిటండీ, వేసిన కాగితం ఎవరైనా బయటికి లాగొచ్చు కదా?"

"అందుకే అంత వెడల్పు పెట్టాను" అన్నాడు ఇకుమా.

సోమవారం ఉదయం ఎనిమిదింటికి ఆయన ఐదో స్థానంలో నిలబడ్డాడు. కుమగాయి మొదటి చక్రాన్ని దొర్లించాడు. రెండు మీటర్ల నలభై. ఇకుమా ఎక్కించి, తిప్పి, ముప్పై ఆరూ తట్టి, పసుపు చుక్క పెట్టాడు.  పది గంటల విరామంలో, "తాడు ఎడమ చేత్తో లాగావా, కుడి చేత్తోనా?" అని అడిగాడు ఇకుమా.

"ఎడమ చేత్తో. కుడి చేతిలో రెంచి ఉంది."

"తాడు నీకు కుడివైపు కదా ఉంది. అడ్డంగా చేయి చాపాలి."

"అవును గురువుగారూ, భుజం పట్టేసింది."

ఇకుమా జేబులోంచి పెన్సిల్ తీశాడు.

శనివారాలు ఆయన ఇప్పటికీ సజనామికి వెళ్తాడు. మొదటి నెలలో అక్కడి పెట్టెలో పడ్డ చీటీలు పదకొండు. అందులో తొమ్మిది ఒసకబెవి, ఆ తొమ్మిదీ యోకోయి కుర్చీ గురించే. వేసినవన్నీ ఒసకబె మర్నాడు తీసుకుని, దిద్ది, మళ్లీ వేసేవాడని తెరాదా చెప్పింది. పదో చీటీ యోకోయిది. పందెం వరండాలో ఎడమ పక్క నేల ఒకటిన్నర సెంటీమీటర్లు ఎత్తుగా ఉందనీ, రోజూ తనకు ఆ పక్కే ఇస్తున్నారనీ అందులో ఉంది. పదకొండోది ముప్పై రెండు నిమిషాల ఆవిడది. చెంచాలు ఇప్పుడున్నవే బాగున్నాయని రాసింది.

ఇకుమా మోకాళ్ల మీద వంగి, టేపుతో వరండా నేల కొలిచాడు. యోకోయి చెప్పింది నిజమే.